దూరప్రయాణం – మన్యం జ్వరం

ప్రశ్న: మాది దుమ్ముగూడెం దగ్గర పల్లె. చికాగోలో ఉన్న మా అబ్బాయి మమ్మల్ని రమ్మంటున్నాడు. మావారికి 64 ఏళ్లు, షుగరుకు మాత్రలు వాడుతున్నారు. కిందటి వానాకాలంలో మలేరియా వచ్చి తగ్గింది. అంత దూరం విమానంలో కూర్చోగలరా? ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: షుగరు అదుపులో ఉంటే కూర్చోగలరు. హైదరాబాదు నుంచి చికాగోకు ఆకాశమార్గాన సుమారు 13 వేల కిలోమీటర్లు. దారిలో ఎక్కడో ఒకచోట విమానం మారవలసి ఉంటుంది కనుక మొత్తం ఒక రోజు అనుకోండి. మీ ఊరి నుంచి శంషాబాదు చేరడానికి పట్టే రాత్రి దీనికి అదనం.

నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టే అవకాశం ఉంది. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయమనండి. దొడ్డికి లేవవలసి వస్తుందని మంచినీళ్లు మానడం మనవాళ్లకు అలవాటు, అది కూడదు. దిగాక ఒక్క కాలే వాచినా, ఆయాసం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మాత్రలు, డాక్టరు చీటీ, నాలుగు బిస్కెట్లు చేతిసంచిలోనే ఉండాలి. చికాగో గడియారం మనకంటే కాలాన్ని బట్టి పదిన్నర లేదా పదకొండున్నర గంటలు వెనక. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో బయలుదేరేముందే మీ డాక్టరు చేత వ్రాయించుకోండి.

నన్ను ఆలోచింపజేసింది మీరు చివర వ్రాసిన మలేరియా సంగతి. విమానం ఒక్క రోజులో చేరుస్తుంది. దోమ కుట్టాక జ్వరం రావడానికి మాత్రం కనీసం వారం, తరచు రెండు వారాలు పడుతుంది. అంటే ఇక్కడ కుట్టిన దోమ జ్వరం అక్కడ బయటపడవచ్చు. వైవాక్స్ రకమైతే క్రిమి కాలేయంలో దాగి నెలల తరువాత కూడా తిరగబెడుతుంది. మీ వైపు ఆశా కార్యకర్త సైతం చలిజ్వరమంటే ముందు రక్తపరీక్షే చేస్తుంది. అక్కడి డాక్టరుకు మలేరియా అరుదు, జలుబు జ్వరమనుకోవచ్చు. ఫాల్సిపారం రకంలో ఒకటి రెండు రోజుల ఆలస్యం చాలు, మెదడుకు, మూత్రపిండాలకు ముప్పు. కనుక వెళ్లాక ఏడాదిలోపు ఎప్పుడు జ్వరం వచ్చినా మొదటి మాటగా "మేము మలేరియా ఉన్న ప్రాంతం నుంచి వచ్చాం, రక్తపరీక్ష చేయండి" అని చెప్పాలి. ఈ ముక్క మీ అబ్బాయి చేత ఇంగ్లీషులో వ్రాయించి దగ్గర ఉంచుకోండి. జ్వరం మాత్రకు ఒక పూట తగ్గిందని మోసపోవద్దు.

దోమ కడుపులో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897లో చూసింది సికిందరాబాదు బేగంపేటలోనే. 2008 దాకా మనవాళ్లు విదేశాలకు విమానమెక్కిందీ ఆ బేగంపేటలోనే!

కిందటిసారి వచ్చింది ఏ రకమో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. వైవాక్స్ అయితే ప్రిమాక్విన్ 14 రోజులు పూర్తిగా వేసుకున్నారా? జ్వరం తగ్గగానే మానేసేవారే ఎక్కువ. అయితే సొంతంగా కొని వాడవద్దు, కొందరికి ఆ మందు రక్తకణాలను విరిచేస్తుంది. బయలుదేరే రాత్రి వరకు దోమతెరలోనే పడుకోండి.

అక్కడ పుట్టిన మనవలు మీ ఊరు వచ్చేటప్పుడు మరీ జాగ్రత్త. వాళ్ల ఒంట్లో ఈ జ్వరాన్ని తట్టుకునే శక్తి ఏమాత్రం ఉండదు. నివారణ మాత్రలు కొన్ని ప్రయాణానికి వారం రెండు వారాల ముందే మొదలుపెట్టాలి కాబట్టి, టిక్కెట్టు కొన్ననాడే అక్కడి డాక్టరును కలవమని మీ అబ్బాయికి చెప్పండి.