గ్లూటాథయోన్ అసలు కొలువు

పెళ్లిళ్ల సీజన్ వస్తే చాలు, బ్యూటీ క్లినిక్‌లలో ‘గ్లూటా డ్రిప్’ ప్యాకేజీల బేరం ఊపందుకుంటుంది. రంగు తేలడానికని సెలైన్‌లా ఎక్కించుకునే ఈ గ్లూటాథయోన్‌ను మన ఒంట్లో ప్రతి కణమూ సొంతంగా తయారుచేసుకుంటుంది. గ్లుటామేట్, సిస్టీన్, గ్లైసిన్ అనే మూడు అమైనో ఆమ్లాల కలయిక ఇది. దీనికి ఆ పేరు పెట్టింది కేంబ్రిడ్జి శాస్త్రవేత్త ఫ్రెడరిక్ గౌలాండ్ హాప్కిన్స్, 1921లో.

దీని విలువ తెలియాలంటే మన ఇళ్లలో ఎప్పుడూ ఉండే పారాసిటమాల్ దగ్గరకు రావాలి. వేసుకున్న మాత్రలో కొద్ది భాగం కాలేయంలో విషపదార్థంగా మారుతుంది. గ్లూటాథయోన్ దాన్ని అక్కడికక్కడే పట్టుకుని విరిచేస్తుంది. అదే గుప్పెడు మాత్రలు మింగితే నిల్వ అడుగంటి, ఆ విషం కాలేయ కణాల ప్రోటీన్లకే అంటుకుంటుంది. మొదటిరోజు వాంతులు తగ్గి మనిషి తేరుకున్నట్టే ఉంటాడు. గండం గడిచిందనుకుని ఇంటికి తీసుకుపోతే, రెండు మూడు రోజుల్లో కాలేయం చేతులెత్తేస్తుంది.

ఇలా మోతాదు మించి మింగినవారికి ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు ఎన్-ఎసిటైల్ సిస్టీన్. తయారై ఉన్న గ్లూటాథయోన్ కణంలోకి నేరుగా పోలేదు కాబట్టి, దానికి కావలసిన సిస్టీన్ అనే ముడిసరుకును అందిస్తారన్నమాట. మాత్రలు మింగిన 8 గంటల్లోపు మొదలుపెడితే కాలేయం దాదాపుగా దక్కుతుంది. తయారైన గ్లూటాథయోన్ కణంలోకి నేరుగా పోదన్న సంగతి క్లినిక్ బ్రోషర్లలో కనిపించదు, కనిపిస్తే వ్యాపారం సాగదు మరి!

చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని గ్లూటాథయోన్ కొంత అడ్డుకుంటుందన్న మాట అబద్ధం కాదు. కానీ మింగే మాత్ర చాలావరకు పేగుల్లోనే విడిపోతుంది. చిన్న అధ్యయనాల్లో కనిపించిన కాస్త మార్పూ వాడకం ఆపితే నిలవదు. ఇంజెక్షన్ల విషయంలో ఫిలిప్పీన్స్ ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరించింది. కిడ్నీలు, కాలేయం దెబ్బతినవచ్చనీ, ప్రాణాంతకమైన చర్మవ్యాధి రావచ్చనీ చెప్పింది.

ఈ పదార్థం గురించి ప్రభుత్వాలు నిజంగా పట్టించుకోవలసిన చోటు మన్యం. వైవాక్స్ మలేరియా తిరగబెట్టకుండా ప్రైమాక్విన్‌ను 14 రోజులు ఇస్తారు. ఆ మందు ఎర్రకణాలపై తెచ్చే ఆక్సీకరణ దాడిని కాచుకునేది గ్లూటాథయోనే. ఒకసారి ఖర్చయినది మళ్లీ పనికి రావాలంటే జీ6పీడీ అనే ఎంజైమ్ ఉండాలి. పుట్టుకతోనే ఆ ఎంజైమ్ లోపించినవారిలో, ముఖ్యంగా మగవారిలో, ఎర్రకణాలు పగిలిపోయి మూత్రం కాఫీ డికాషన్ రంగులోకి తిరుగుతుంది. దేశంలోని కొన్ని గిరిజన సమూహాల్లో ఈ లోపం ఎక్కువే.

అందుకే ప్రైమాక్విన్ ఇచ్చే ముందు జీ6పీడీ పరీక్ష చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లోపం ఉందని తేలితే మందు మానేయనక్కర్లేదు. వారానికో మోతాదు చొప్పున 8 వారాలు, వైద్యుల కనుసన్నల్లో ఇవ్వవచ్చు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్ష కిట్టు ఉంటేనే అది కుదిరే పని.