కురువపురం వెళ్లొచ్చే మనం గడ్డల గోడు ఎందుకు పట్టించుకోవాలి?

రాయచూరులో స్థిరపడిన మన తెలుగు ఇళ్లలో కురువపురం పేరు తెలియనివారు అరుదు. ఊళ్ల నుంచి చుట్టాలొస్తే ముందు మంత్రాలయం, తర్వాత కురువపురం చూపించి పంపుతాం. ఆత్కూరు దాకా బండిలో వెళ్లి, పుట్టి ఎక్కి కృష్ణ దాటి, శ్రీపాద శ్రీవల్లభుల దర్శనం చేసుకుని చీకటి పడకముందే ఇవతలి ఒడ్డుకు చేరతాం. మనకది ఏడాదికి ఒకటి రెండుసార్లు చేసే యాత్ర. నది మధ్య ఉండేవారికి మాత్రం బడికి, ఆసుపత్రికి, సంతకు అదే దారి.

రాయచూరు తాలూకాలో కృష్ణ పాయలుగా చీలిన చోట కుర్వకుల, కుర్వకుర్ద వంటి ఊళ్లు నీళ్ల మధ్య ఉన్నాయి. వీటిని కన్నడంలో నడుగడ్డె అంటారు. గోదావరి జిల్లాల నుంచి వచ్చి క్యాంపుల్లో స్థిరపడిన మనవాళ్ల మాటలో ఇవి లంకలు. పిఠాపురంలో పుట్టిన శ్రీపాదులు 14వ శతాబ్దంలో ఇక్కడ తపస్సు చేసి, ఇక్కడే అంతర్ధానమయ్యారని దత్త సంప్రదాయం నమ్మకం. మరాఠీ గురుచరిత్ర చదివినవారు మహారాష్ట్ర నుంచి వస్తారు. దగ్గర్లోని నారదగడ్డెలో చన్నబసవేశ్వర మఠం ఉంది. తెలుగు, మరాఠీ, కన్నడ భక్తులంతా కలిసే రేవు ఇది.

ఈ నేల కోసం రాజులు తక్కువగా కొట్టుకోలేదు. రాయచూరు కోటను 1294లో కాకతీయుల తరఫున కట్టించారని అక్కడి శాసనం చెబుతోంది. 1520లో శ్రీకృష్ణదేవరాయలు, ఇస్మాయిల్ ఆదిల్‌షా తలపడింది ఈ కోట కోసమే. నిజాం కాలంలో, 1943లో, దేవసూగూరు దగ్గర కృష్ణ మీద పెద్ద వంతెన వచ్చింది. దాంతో రాయచూరు నుంచి హైదరాబాదుకు రోడ్డు పడింది కానీ, అదే నదిలో ఉన్న గడ్డలకు మాత్రం పుట్టే దిక్కయింది.

1956 దాకా ఈ రెండు ఒడ్లూ హైదరాబాదు రాష్ట్రంలోనే ఉండేవి. రాష్ట్రాల పునర్విభజనతో గడ్డలు నేటి కర్ణాటకలోకి వచ్చాయి. ఎదురుగా ఉన్న పంచదేవ్‌పహాడ్ ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లి, ఇప్పుడు తెలంగాణలోని నారాయణపేట జిల్లాలో ఉంది. కాగితం మీద సరిహద్దు పడినా మనుషుల రాకపోకలు ఆగలేదు. గడ్డ మీది మనిషి ఓటు కర్ణాటకలో వేస్తాడు, సరుకులకు తెలంగాణ ఒడ్డుకూ వెళతాడు. నది మధ్యలో ప్రమాదం జరిగితే జవాబు చెప్పాల్సింది ఏ ఒడ్డు అధికారి?

ఈ ప్రశ్న ఊరికే వేస్తున్నది కాదు. మహారాష్ట్రలో వానలు పడి ఆలమట్టి నిండితే, నారాయణపూర్ గేట్లు ఎత్తితే గడ్డలకు దారి మూసుకుపోతుంది. 2009 అక్టోబరులో, 2019 ఆగస్టులో వచ్చిన వరదలు మనకు గుర్తే. 2020 ఆగస్టులో కుర్వకుర్ద, పంచదేవ్‌పహాడ్ మధ్య పుట్టి మునిగి నలుగురు గల్లంతయ్యారు. గడ్డలకు వంతెన అన్న మాట అప్పటికే చాలా ఏళ్లుగా నలుగుతోంది. ఆ రోజుకు అది పూర్తయి ఉంటే ఆ నలుగురికీ పుట్టి ఎక్కే అవసరం ఉండేది కాదేమో.

వంతెన ఆలస్యం ఇక్కడొక్కచోటే లేదు. మధ్యధరా సముద్రంలోని సిసిలీ ద్వీపాన్ని ఇటలీ నేలతో కలిపే వంతెన గురించి అక్కడ దశాబ్దాలుగా మాట్లాడుతున్నారు. 2025 ఆగస్టులో 13.5 బిలియన్ యూరోల పథకానికి అక్కడి ప్రభుత్వం ఆమోదం తెలిపింది. అక్టోబరులో ఆడిట్ కోర్టు అడ్డుపడింది. అయితే వంతెన లేదని అక్కడి జనం ప్రాణాలు అరచేత పెట్టుకుని సముద్రం దాటడం లేదు. రైలు పెట్టెలనే ఓడ మీదికి ఎక్కించి అవతలి ఒడ్డుకు చేరుస్తున్నారు. వంతెన ఎప్పుడొచ్చినా, ఈలోగా మనుషులను క్షేమంగా దాటించే బాధ్యత ప్రభుత్వానిదే అని మనం దీన్నుంచి నేర్చుకోవాలి.

లంకకు వంతెన పడితే ఏమవుతుందో మనవాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. యానాం, ఎదుర్లంక మధ్య గౌతమి మీద బాలయోగి వంతెన 2002లో తెరుచుకుంది. అంతకుముందు రేవులో పంటు కోసం గంటలు గంటలు కాచుకున్న రోజులు కోనసీమ కుటుంబాల పెద్దలకు గుర్తుంటాయి. ఆ కష్టం తెలిసిన మనమే గడ్డలవారి కష్టాన్ని క్షేత్రం కబుర్లలో మరిచిపోతే ఎలా?

అందుకే మేము కోరేవి మూడు. ఒకటి, వంతెన ఏ దశలో ఉందో, ఎప్పటికి బండ్లు తిరుగుతాయో జిల్లా యంత్రాంగం ఏటా వానాకాలానికి ముందే గ్రామసభలో చెప్పాలి. రెండు, ప్రతి పుట్టిలో ఎంతమంది ఎక్కవచ్చో రేవులో బోర్డు పెట్టాలి, ఎక్కిన ప్రతివారికీ లైఫ్ జాకెట్ ఇవ్వాలి. వరద రోజుల్లో గర్భిణులు, రోగుల కోసం ఇంజను పడవ సిద్ధంగా ఉంచాలి. మూడు, రాయచూరు, నారాయణపేట అధికారులు కలిసి కూర్చుని రెండు రేవులకూ ఒకే నియమాలు పెట్టాలి.

మన వంతు కూడా ఉంది. పండుగల రద్దీలో, త్వరగా వెళ్లాలని నిండిన పుట్టిలోకే ఇంకో నలుగురం ఎక్కుతాం. పుట్టివాడు వద్దన్నా బతిమాలి ఒప్పిస్తాం. ఈసారి అలా చేయవద్దు, తర్వాతి పుట్టి కోసం ఆగుదాం. మన సంఘాలు అధికారులకు ఇచ్చే వినతిపత్రాల్లో తెలుగు బడి, కుల ధ్రువపత్రాలతో పాటు గడ్డల రేవు మాట కూడా చేర్చుదాం. తరాలుగా ఇక్కడే ఉంటున్నాం. ఈ జిల్లా మనది అన్నప్పుడు, నది మధ్య ఉన్న ఊళ్లూ మనవే.