ఎంచుకునే స్వేచ్ఛ సరే, దారి చూపేదెవరు?

పన్నెండో తరగతి గట్టెక్కడానికి కావలసిన అర్హతలు వేరు, ఆపై కోరుకున్న కోర్సులో చేరడానికి కావలసిన అర్హతలు వేరు. మొదటివాటిని విద్యా మండళ్లు నిర్ణయిస్తాయి. రెండోవాటిని విశ్వవిద్యాలయాలు, వృత్తి విద్యా నియంత్రణ సంస్థలు, ప్రవేశ పరీక్షల నిర్వాహకులు ఎవరికి వారుగా నిర్ణయిస్తారు. ఈ రెంటినీ సరిచూసుకొని పాఠ్యాంశాలు ఎంచుకోవలసిన భారం పదిహేనేళ్ల పిల్లల మీద, అంతంతమాత్రం చదువుకున్న వారి తల్లిదండ్రుల మీద పడుతున్నది.

2023 ఆగస్టులో వెలువడిన పాఠశాల విద్యా జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం ఈ ఎంపికకు ఎన్నడూ లేనంత విస్తృతి కల్పించింది. దాని ప్రకారం పదకొండు, పన్నెండు తరగతుల విద్యార్థి రెండు భాషలు చదవాలి. అందులో ఒకటైనా భారతీయ భాష కావాలి. వాటికి తోడు నాలుగు సబ్జెక్టులను కనీసం రెండు వేర్వేరు విభాగాల నుంచి ఎంచుకోవాలి. భౌతికశాస్త్రంతో పాటు సంగీతం, గణితంతో పాటు చరిత్ర చదవవచ్చునన్నమాట. సైన్సు, ఆర్ట్స్ మధ్య గోడలు ఉండరాదన్న 2020 జాతీయ విద్యావిధానం ఆశయానికి ఇది అనుగుణమైనదే. ఈ ఆశయాన్ని తప్పుపట్టనవసరం లేదు. కానీ పాఠశాలలో గోడ తొలగించినంత మాత్రాన కళాశాల ద్వారం వద్ద ఉన్న గోడ తొలగిపోదు.

ఆర్థికశాస్త్రం ఆర్ట్స్ కోవలోనిదే కదా అని లెక్కలకు స్వస్తి చెప్పిన విద్యార్థినికి ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బి.ఎ. ఆనర్స్ ఆర్థికశాస్త్రం అందదు. అక్కడ గణితం తప్పనిసరి. జాతీయ రక్షణ అకాడమీ 2021లో బాలికలకు ప్రవేశ పరీక్ష రాసే అవకాశమిచ్చింది. ఆర్ట్స్ చదివిన బాలిక సైనిక విభాగానికి అర్హురాలే గాని, నౌకా, వైమానిక విభాగాలకు భౌతిక, గణిత శాస్త్రాలు చదివి ఉండవలసిందే. ఈ నిబంధనలు అర్థం లేనివని అనలేము. అవి పన్నెండో తరగతి పూర్తయ్యాక తెలియడమే అనర్థం.

కొన్ని నిర్ణయాలు పదకొండో తరగతి వరకు కూడా ఆగవు. 2020 పదో తరగతి పరీక్షల నుంచి సిబిఎస్‌ఇ గణితంలో ప్రామాణిక, ప్రాథమిక అన్న రెండు స్థాయిల ప్రశ్నపత్రాలు ప్రవేశపెట్టింది. పాఠాలు ఒకటే, పరీక్ష కాఠిన్యమే వేరు. ప్రాథమిక స్థాయి రాసినవారు పై తరగతిలో గణితం తీసుకోరాదన్నది మొదట పెట్టిన నియమం. కరోనా కాలంలో దీనిని సడలించారు. పరీక్షకు పేర్లు పంపే రోజున, లెక్కలంటే జంకుతో సులువైన గడిలో పెట్టే గుర్తు ఎంత దూరం వెళుతుందో ఆ పిల్లవాడికి విడమరచి చెప్పే నాథుడు ఎన్ని పాఠశాలల్లో ఉన్నాడు?

నిబంధనలు నిలకడగా ఉండకపోవడం మరో చిక్కు. గణితం ప్రధానంగా చదివి, తరువాత వైద్యవిద్య వైపు మనసు మళ్లినవారికి చాలాకాలం దారి లేదు. జీవశాస్త్రాన్ని పదకొండు, పన్నెండు తరగతుల్లో క్రమం తప్పక రెండేళ్లు చదివి ఉండాలనేవారు. 2023 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ ఈ పట్టు సడలించి, పన్నెండు పూర్తయ్యాక జీవశాస్త్రాన్ని అదనపు సబ్జెక్టుగా ఉత్తీర్ణులైనవారు కూడా నీట్ రాయవచ్చునని ప్రకటించింది. ఆహ్వానించదగిన మార్పే. అంతకు ముందే ఆశ వదులుకొని మరో ఉద్యోగంలో స్థిరపడినవారికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్షలోనూ ఇదే తీరు. 2025 నుంచి పన్నెండులో చదవని సబ్జెక్టులోనైనా ఆ పరీక్ష రాయవచ్చునన్నారు. అయితే రాసే హక్కు వేరు, పాఠం చెప్పేవారు లేకుండా రాసి నెగ్గడం వేరు. డబ్బున్న ఇంటి బిడ్డ ఆ లోటును కోచింగ్‌తో పూడ్చుకుంటాడు.

తెలుగు రాష్ట్రాల్లో ఎంపిక అనే మాటకే అర్థం కుంచించుకుపోయింది. ఎంపీసీ, బైపీసీ, సీఈసీ అంటూ ముందే కట్టిపెట్టిన మూటల్లో ఒకటి ఎత్తుకోవడమే ఇక్కడి ఆనవాయితీ. పదో తరగతి ఫలితాలు రాకముందే కార్పొరేట్ కళాశాలల ప్రతినిధులు ఇళ్ల చుట్టూ తిరిగి పిల్లల గ్రూపు ఖాయం చేసేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి గణితం, జీవశాస్త్రం రెండూ చదివే వీలు కల్పిస్తూ ఎంబైపీసీని ప్రవేశపెట్టడం ఈ మూటలను కొంత విప్పే ప్రయత్నమే. అయితే మండల కేంద్రంలోని ప్రభుత్వ జూనియర్ కళాశాలలో ఏ గ్రూపు ఉండాలన్నది విద్యార్థి అభిరుచి కాక, అక్కడ ఏ అధ్యాపకులు ఉన్నారన్నదే నిర్ణయిస్తుంది.

దారి తప్పినవారికి జాతీయ సార్వత్రిక విద్యాలయం ఒక ఆసరా. ఐదేళ్లలో తొమ్మిది పర్యాయాలు పరీక్ష రాసే వీలు, ఇతర మండళ్లలో ఉత్తీర్ణమైన రెండు సబ్జెక్టుల వరకు మార్కులు బదిలీ చేసుకునే సదుపాయం అక్కడ ఉన్నాయి. ఈ సంగతి తెలిసిన తల్లిదండ్రులు అరుదు.

చేయవలసిన పని పెద్ద ఖర్చుతో కూడినదేమీ కాదు. ఏ కోర్సుకు ఏయే సబ్జెక్టులు అవసరమో విశ్వవిద్యాలయ నిధుల సంఘం, వైద్య కమిషన్, సాంకేతిక విద్యా మండలి కలిసి ఒకే పట్టికగా ప్రచురించాలి. అది పిల్లలు తొమ్మిదో తరగతిలో ఉండగానే మాతృభాషలో ఇంటికి చేరాలి. అర్హతలు కఠినతరం చేసే మార్పు ఏదైనా అప్పటికే పదకొండో తరగతిలో చేరినవారికి వర్తించరాదు. ఈ హామీని కేంద్ర విద్యాశాఖ రాతపూర్వకంగా ఇవ్వాలి. నియమావళిలో సలహాదారు ఉండాలని రాసిపెట్టిన సిబిఎస్‌ఇ, ఆ పదవి భర్తీ కాని పాఠశాలల పేర్లను ఏటా వెల్లడించడంతో తన వంతు పని మొదలుపెట్టవచ్చు.