మొలతాడు నుంచి ముడుపు దాకా

భద్రాచల రామదాసు ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తన తెలియని తెలుగువాళ్ళు తక్కువ. భక్తి కాసేపు పక్కనపెట్టి వింటే అది అచ్చంగా ఖర్చుల పద్దు. పాల్వంచ పరగణాకి తహసీల్దారుగా పనిచేసిన కంచర్ల గోపన్న, సర్కారు డబ్బుతో గుడి కట్టించినందుకు గోల్కొండ జైల్లో పడ్డాడు. అక్కడ కూర్చుని, ఎవరికి ఏ నగ చేయించానో, దేనికెంత పట్టిందో రాముడికే లెక్క అప్పజెప్పాడు. సీతమ్మకి చింతాకు పతకం, భరతుడికి పచ్చల పతకం, లక్ష్మణుడికి ముత్యాల పతకం. ఇక శత్రుఘ్నుడికి? బంగారు మొలతాడు. దాని ఖరీదు పదివేల మొహరీలు.

ముగ్గురికి పతకాలు చేయించి చిన్నోడికి మాత్రం మొలతాడు చేయించడం చూస్తే నవ్వొస్తుంది. ఇంట్లో ఆఖరి పిల్లాడు ఎంత పెద్దవాడైనా మొలతాడు కట్టుకునే పిల్లాడే మరి! కానీ మొలతాడు మనం అనుకున్నంత చిన్న వస్తువు కాదు. మన పూర్వీకుల బట్టలన్నీ దాని మీదే ఆధారపడి నిలబడ్డాయి. కుట్టు లేని, గుండీ లేని, జిప్పు లేని రోజుల్లో ఒంటి మీద బట్ట ఆగాలంటే ఉన్నవి రెండే దారులు. తాడు, లేదా ముడి. ఈ వారం ఆ తాళ్ళూ ముళ్ళూ విప్పి చూద్దాం.

మొల అంటే నడుము కింది భాగం. అక్కడ కట్టే తాడు మొలతాడు, కాస్త గ్రాంథికంగా మొలత్రాడు, మొలనూలు. ఇప్పుడది దిష్టికోసం కట్టే నల్లదారమో, పిల్లలకి చేయించే వెండి గొలుసో అయిపోయింది. అసలు పని వేరు. గోచి పెట్టుకోవాలంటే ముందో కొస, వెనకో కొస దోపడానికి ఆధారం కావాలి కదా. ఆ ఆధారమే మొలతాడు. ఊళ్ళో చదువుకున్న మగవాళ్ళని అడగండి. గుండీ ఊడిన లాగు మొలతాడు కిందకి దోపి బడికి పరుగెత్తిన రోజులు చాలామందికి గుర్తుంటాయి. అంటే ఆ తాడు నిన్నమొన్నటి దాకా డ్యూటీలోనే ఉంది.

సంస్కృతంలో దీని చుట్టాలు చాలామందే ఉన్నారు. అమరకోశం ఆడవాళ్ళ నడుముకి పెట్టుకునేవాటిని మేఖల, కాంచి, సప్తకి, రశన, సారసనం అని వరసగా చెప్పి, మగవాళ్ళ నడుముకి ఉండేదాన్ని వేరుచేసి ‘శృంఖలం’ అంటుంది. శృంఖలం! మనకి తెలిసిన అర్థంలో గొలుసు, బేడీ. మన ‘సంకెల’ కూడా దాన్నుంచి వచ్చిందే. ఇప్పుడు రామదాసు కథని ఇంకోసారి చూడండి. శత్రుఘ్నుడి నడుముకి ఒక శృంఖలం చేయించినాయనకి కాళ్ళకి ఇంకో శృంఖలం పడింది. ఆ కీర్తనలో కోపం ఎందుకంత ఘాటుగా ఉంటుందో తెలుస్తుంది.

ఇక ఆడవాళ్ళ ముడి సంగతి. చీర నడుం దగ్గర నిలవడానికి వేసే ముడిని సంస్కృతంలో నీవి అన్నారు. తెలుగులో చక్కటి మాట ఉంది, పోకముడి. పోక అంటే వక్క. చీర కొసని చిన్నగా, గట్టిగా, వక్కలా కనిపించేట్టు వేసే ముడి అన్నమాట. ఇంత ఇంటి మాట పుస్తకాల్లోకి ఎలా ఎక్కిందా అని చూస్తే, ప్రబంధాల్లో అది చాలావరకు శృంగార ఘట్టాల్లోనే కనిపిస్తుంది. నాయిక పోకముడి వదులైంది, జారింది, నాయకుడి చెయ్యి దాని మీద పడింది... ఇలాగే. రోజూ పొద్దున్నే లేచి ఆ ముడి వేసుకుని, దాంతోనే నాట్లు వేసి, కట్టెలు మోసి, పిల్లల్ని చంకనెత్తుకున్న ఆడమనిషి చేతిలో అది ఎలా ఉండేదో కవులకి పట్టలేదు. ముడి విప్పేటప్పుడే వాళ్ళకి కనిపించింది, వేసేటప్పుడు కనిపించలేదు. నిఘంటువులు కావ్యాల్లోంచే ఉదాహరణలు తీసుకున్నాయి కాబట్టి మనకి మిగిలిందీ ఆ అర్థమే.

కానీ ‘నీవి’కి ఇంకో అర్థం ఉంది. అదే నిఘంటువులో, అదే మాట కింద ఉంటుంది. మూలధనం! కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఆదాయంలోంచి ఖర్చు పోగా మిగిలిన నిలవ పేరు నీవి. ఎప్పటికీ అసలు ముట్టుకోకుండా వడ్డీ మాత్రమే వాడుకోవాలని పెట్టే నిధిని ‘అక్షయనీవి’ అన్నారు. ఇప్పటి ఫిక్స్‌డ్ డిపాజిట్‌కి తాత.

దీనికి బ్రహ్మాండమైన సాక్ష్యం నాసిక్ దగ్గర పాండవలేణి గుహల్లో ఉంది. దాదాపు 1900 ఏళ్ళ కిందట నహపానుడి అల్లుడు ఉషవదాతుడు అక్కడ ఒక శాసనం చెక్కించాడు. అక్షయనీవిగా 3000 కార్షాపణాలు ఇచ్చాడు. ఎవరి దగ్గర దాచాడో తెలుసా? సాలెవాళ్ళ సంఘాల దగ్గర. ఒక సంఘంలో 2000, నెలకి నూటికి ఒకటి వడ్డీ. ఇంకో సంఘంలో 1000, నూటికి ముప్పావు వడ్డీ. మొదటి మొత్తం మీద వచ్చే వడ్డీతో, గుహలో వర్షాకాలం గడిపే ఇరవైమంది భిక్షువులకి తలా 12 కార్షాపణాలు బట్టల ఖర్చుకి ఇవ్వాలి. లెక్క కట్టి చూడండి. 2000కి నెలకి 20, ఏడాదికి 240. ఇరవైమందికి పన్నెండు చొప్పున సరిగ్గా 240. ఒక్క కార్షాపణం అటూఇటూ కాలేదు. బట్ట నేసేవాళ్ళ దగ్గర దాచిన డబ్బు, బట్టల కోసం ఇచ్చే డబ్బు, దాని పేరేమో చీరముడి పేరు!

మన ఊళ్ళలో ఈ రెండర్థాలూ ఒకేచోట కాపురం చేశాయి, నడుం దగ్గర. ఖమ్మం సంతలో అమ్మమ్మ వయసున్నవాళ్ళని చూడండి. చిల్లర ఇవ్వాలంటే ముందు చెయ్యి రొంటికే పోతుంది. చెంగున ముడి, రొంటిన దోపిన చిన్న సంచి, అదే ఆమె బ్యాంకు. మొగుడి జేబు మీద ఆధారపడని డబ్బు అక్కడే ఉండేది. ‘ముడుపు’ అనే మాట కూడా ఈ కుటుంబంలోదే. మొక్కుకున్న డబ్బుని పసుపుగుడ్డలో ముడివేసి దేవుడి దగ్గర పెడితే ముడుపు. భద్రాద్రి రాముడికి ఇప్పటికీ ముడుపులు కడుతూనే ఉన్నారు. అదే మాట పేపర్లో పడితే మాత్రం ‘కాంట్రాక్టర్ నుంచి ముడుపులు’ అయిపోతుంది. ముడి అదే, చేతులు మారాయి.

నడుం దగ్గర తాడు మాటల్లో ఇంకా చాలాచోట్ల దాక్కుని ఉంది. పనికి దిగితే ‘నడుం బిగించాడు’ అంటాం. పుస్తక భాషలో ‘కటిబద్ధుడు’. ఇప్పుడు పనిముట్టుకి వాడే ‘పరికరం’కి సంస్కృతంలో నడికట్టు అనే అర్థం కూడా ఉంది. పరికరం బంధించడమంటే నడుం కట్టడమే. ‘సన్నద్ధం’, ‘సన్నాహం’ కట్టుకోవడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చాయి, కవచం బిగించి కట్టుకోవడమన్నమాట. ప్రాణాలతో బయటపడితే ‘బతికి బట్టకట్టాడు’ అంటాం. అంతా పోతే ‘కట్టుబట్టలతో మిగిలారు’ అంటాం. ఈ మాట గోదావరి ఒడ్డున వింటే బరువు తెలుస్తుంది. భద్రాచలం దగ్గర నీటిమట్టం 1986లో 75.6 అడుగులకి, 2022 జూలైలో 71.3 అడుగులకి చేరినప్పుడు ఎన్నో ఊళ్ళవాళ్ళు కట్టుబట్టలతోనే గట్టెక్కారు. ఆ కట్టుబట్టల రొంటిన నాలుగు నోట్లు ఉంటే అదే ఆ వారానికి బువ్వ.

కట్టడం అందరికీ పుట్టుకతో రాదు, నేర్చుకోవాలి. వాల్మీకి రామాయణం అయోధ్యకాండలో ఒక ఘట్టం ఉంది. అడవికి బయల్దేరేముందు కైకేయి నారచీరలు తెచ్చిస్తుంది. రాముడూ లక్ష్మణుడూ కట్టేసుకుంటారు. సీతకి ఎలా కట్టుకోవాలో తెలియదు. ఒకటి మెడ దగ్గర, ఒకటి చేతిలో పట్టుకుని సిగ్గుతో నిలబడిపోతుంది. అప్పుడు రాముడే ఆమె పట్టుచీర మీద నారచీర కడతాడు. చూస్తున్న అంతఃపుర స్త్రీలు ఏడుస్తారు. ఆ నారచీరలు ఆరేసిన గుర్తులని పర్ణశాలలో ఇప్పటికీ బండల మీద చూపిస్తారు. ఆ అడవిలో నార ఇప్పటికీ పనిలోనే ఉంది, అడ్డతీగ నారతో తాళ్ళు పేనతారు. రాకుమార్తెకి రాని విద్య ఆ అడవివాళ్ళకి చేతివాటం.

శ్రీరామనవమి నాడు భద్రాచలం కల్యాణం టీవీలో చూసేవాళ్ళు ఇంకో తాడుని గమనించే ఉంటారు. సీతమ్మ నడుముకి దర్భలతో పేనిన తాడు కడతారు. దాని పేరు యోక్త్రం. కాడికి ఎద్దుని కట్టే తాడుకీ అదే పేరు. ఇంగ్లీషువాళ్ళ ‘యోక్’ కూడా ఈ మూలంలోదే. తర్వాత తాళి. భద్రాచలంలో మూడు మంగళసూత్రాలు, దశరథుడి తరఫున ఒకటి, జనకుడి తరఫున ఒకటి, రామదాసు చేయించినది ఒకటి.

తాళ్ళు మనకే కాదు. మధ్యయుగపు ఐరోపాలో మగవాళ్ళు కాళ్ళకి వేసుకునే మేజోళ్ళని పైచొక్కాకి ‘పాయింట్’ అనే తాళ్ళతో కట్టుకునేవాళ్ళు. తాడు కొస చీలిపోకుండా లోహపు తొడుగు ఉండేది. మన బూటు లేసు చివర ప్లాస్టిక్ ముక్క దానికి వారసుడే. మన దగ్గరికి ‘నాడా’ ఉత్తరాది నుంచి, ‘బొత్తాం’ పోర్చుగీసువాళ్ళ నుంచి వచ్చాయి. ‘బొందు’ మాత్రం ఇక్కడిదే, లాగుకీ లంగాకీ నమ్మకంగా సేవ చేస్తోంది.

పోకముడి ఎక్కడికి పోయిందంటే, లోలంగా వచ్చి దాని ఉద్యోగం పోయింది. చీరని చీరతోనే ముడివేసుకున్నన్నాళ్ళూ ఆ మాట అవసరం. బొందు బిగించిన లంగాలోకి కుచ్చిళ్ళు దోపడం మొదలయ్యాక ముడితో పనేముంది? పని పోతే మాట పోతుంది.

అయితే ఆ బొందు విషయంలో ఒక హెచ్చరిక. 2024లో ‘బీఎమ్‌జే కేస్ రిపోర్ట్స్’ అనే వైద్య పత్రికలో మహారాష్ట్ర, బీహార్ డాక్టర్లు ఇద్దరు పెద్దవయసు ఆడవాళ్ళ గురించి రాశారు. ఏళ్ళ తరబడి నడుముకి బిగించి కట్టడంతో ఒరిపిడికి పుండు పడి, మానక, చివరికి చర్మ క్యాన్సర్‌గా మారింది. అరుదే, కానీ ఒరిపిడి అరుదు కాదు. మీ అమ్మనో అమ్మమ్మనో ఒక్కసారి అడగండి, నడుం దగ్గర నల్లగా కమిలిందా, దురదా, మానని పుండేమైనా ఉందా అని. సన్నతాడు బదులు వెడల్పాటి పట్టీ ఉన్న లంగా వాడినా, వదులుగా కట్టినా సగం బాధ తప్పుతుంది. పుండు ఉంటే మాత్రం పసుపు రాసి ఊరుకోకుండా డాక్టర్‌కి చూపించాలి.

ఎలాగూ ఆ మాట కదిపారు కాబట్టి ఇంకోటీ అడగండి. వాళ్ళ చిన్నప్పుడు ఆ ముడిని ఏమనేవాళ్ళు, డబ్బు ఎక్కడ దాచుకునేవాళ్ళు, ఇంట్లో ఎవరికీ తెలియకుండా ఎంత కూడబెట్టారు అని. కవులు రాయని సంగతి వాళ్ళ దగ్గరే ఉంది.