సంఘం కెమెరా: అమ్ముదామా, బాగుచేయిద్దామా?



సంఘం కెమెరా పనిచేయడం మానేసి ఆరు వారాలైంది. ఆరాధన అయ్యాక వేపచెట్టు కింద రెండు ఆదివారాలుగా ఏం చర్చ నడుస్తున్నదో ఊళ్ళో ఉన్నవారికి తెలుసు. హైదరాబాదులోనూ గల్ఫులోనూ ఉన్న మన పిల్లలు వాట్సాప్‌లో అడుగుతున్నారు కాబట్టి మా అభిప్రాయం ఇక్కడ రాస్తున్నాం. మేము అంటే అమ్మగారూ నేనూ ఇద్దరమూ. ఇది తీర్పు కాదు. తీర్పు చెప్పవలసింది ఎవరో కూడా రాస్తాం. చెట్టు కింద చర్చలో ఎవరూ ఎత్తని మాట అదే.

ముందు ఏమి పాడైందో చెప్పాలి. "కెమెరా పోయింది" అనే ఒక్క మాట మీద ఎవరూ ధర కట్టలేరు. మొదట ఫోటోల్లో అడుగున నల్లటి పట్టీ వచ్చింది. తరవాత బటన్ నొక్కితే "టక్" మని సగంలో ఆగిపోయి, తెర మీద ఎర్రర్ అంకె చూపించడం మొదలైంది. మన యౌవనస్థులు చేసిన పని మెచ్చుకోదగ్గది. తొందరపడి ఊడదీయలేదు. బ్యాటరీ నిండా చార్జి చేసి చూశారు, కార్డు మార్చారు, లెన్సుకూ కెమెరాకూ మధ్య మెరిసే చిన్న చుక్కల్లాంటి లోహపు కాంటాక్టులను పొడి మెత్తని గుడ్డతో తుడిచారు. ఆఖరున మండల కేంద్రంలోని స్టూడియో ఆయన్ని బతిమాలి ఆయన లెన్సు పెట్టి చూశారు. అప్పుడూ అదే ఎర్రర్. అంటే మన లెన్సు బాగానే ఉంది, జబ్బు కెమెరా లోపలే ఉంది. డబ్బు ఖర్చు కాకుండా ఇంతవరకు తెలుసుకోవచ్చు. ఎవరి ఇంట్లో కెమెరా మొరాయించినా ముందు ఈ వరసలోనే చూసుకోండి.

విజయవాడలో చూపిస్తే షట్టర్ అరిగిపోయిందన్నారు. షట్టర్ అంటే సెన్సరు ముందు నిలిచే పల్చని తెరల జంట. ఒకటి తెరుచుకుంటుంది, దాని వెనకే రెండోది మూసుకుంటుంది. మనం నొక్కిన ప్రతిసారీ అవి కదలాలి. ఎన్నిసార్లు తట్టుకోగలవో కంపెనీలే పరీక్షించి చెబుతాయి. 2008లో వచ్చిన నికాన్ డీ90కి లక్ష సార్లు అన్నారు, ఆ తరవాతి డీ7000కి లక్షా యాభై వేలు. ఆ లెక్క దాటగానే ఆగిపోవాలని లేదు, దాటకముందే ఆగకూడదనీ లేదు. కొన్ని కెమెరాలు ఈ లెక్కను తీసిన ప్రతి ఫోటో లోపలే రాసి పెడతాయి. కంప్యూటర్లో తెరిస్తే కనిపిస్తుంది. మన కెమెరాది 92 వేలు దాటింది.

ఈ అంకె ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నామంటే, క్రిస్మస్ రోజున కెమెరా పట్టుకున్న పిల్లవాడే దాన్ని కింద పడేశాడన్న గుసగుస మా చెవిన కూడా పడింది. పడిన గుర్తు ఎక్కడా లేదని, ఇది వాడకం వల్ల వచ్చిన అరుగుదలేనని మెకానిక్ స్పష్టంగా చెప్పాడు. పన్నెండేళ్ళు మన పెళ్ళిళ్ళకూ, కాలువ గట్టున బాప్తిస్మాలకూ, పిల్లల సెలవుల బైబిలు పాఠశాలకూ తిరిగిన వస్తువది. అమ్మడమా బాగుచేయించడమా అన్నది తరవాత తేలుద్దాం. ఆ పిల్లవాడి మీద మాట మాత్రం ఈ రోజుతో ఆగిపోవాలి.

ఇంకొక హెచ్చరిక కూడా. యూట్యూబ్ చూసి స్క్రూడ్రైవర్‌తో తామే విప్పుతామని ఇద్దరు ముందుకొచ్చారు. వద్దు నాయనా. ఫ్లాష్ వెలిగించడానికి లోపల ఒక కెపాసిటర్ ఉంటుంది. దాంట్లో సుమారు 300 వోల్టులు నిలవ ఉంటాయి. బ్యాటరీ తీసేసినా ఆ కరెంటు వెంటనే పోదు. వేలు తగిలితే గట్టి దెబ్బే.

ఇక డబ్బు సంగతి. షట్టర్ మార్చడానికి 5,500 రూపాయలు అడిగారు. కొత్త భాగం దొరకదట. వేరే చచ్చిన కెమెరాలోంచి తీసి వేస్తారు, మూడు నెలల పూచీ. ఉన్నదున్నట్టు అమ్మితే కెమెరాకూ లెన్సుకూ కలిపి 4,000 రావచ్చు. బాగుచేయించి అమ్మితే 9,000 దాకా పలకవచ్చు. ఖర్చు పోతే మిగిలేది 3,500. అంటే బాగుచేసి అమ్మడం కంటే పాడైనది పాడైనట్టే అమ్మడం నయం! పెద్దల్లో ఒకరు ఈ లెక్క చక్కగా చెప్పారు. లెక్క తప్పు కాదు. బాగుచేయించేది అమ్మడానికే అయితే అసలు బాగుచేయించనే అక్కరలేదు. వాడుకోవడానికైతేనే ఆ 5,500 గురించి మాట్లాడాలి.

కొత్త భాగం ఎందుకు దొరకదని కొందరు కోపంగా అడిగారు. ప్రపంచమంతటా కంపెనీలు 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు పంపాయి. 2020 నాటికి అది 90 లక్షల లోపుకు పడిపోయింది. ఫోను మింగేసింది. చేసేవాళ్ళే తగ్గినప్పుడు పాత మోడళ్ళకు విడిభాగాలు ఎవరు నిలవ ఉంచుతారు? వస్తువులను బాగుచేయించుకునే హక్కు కోసం కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో ఒక వెబ్‌సైట్ తెరిచింది. మంచి పనే. కానీ తయారీ ఆగిన మోడలుకు భాగాన్ని ఏ వెబ్‌సైటూ పుట్టించలేదు. అందుకే చచ్చిన కెమెరాను చిన్నచూపు చూడకండి. దాని షట్టరో తెరో ఇంకొకరి కెమెరాను నిలబెడుతుంది.

"అయ్యగారూ, అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఇంకా కెమెరా దేనికి?" ఎక్కువగా వినిపించిన మాట ఇదే. న్యాయమైన ప్రశ్నే. ఎండలో, దగ్గరగా, వాట్సాప్‌లో పంపడానికైతే ఫోను చాలు. ఆదివారపు వాక్యాన్ని లైవ్ పెట్టడానికైతే ఫోనే మేలు. కానీ మన మందిరంలో రెండే ట్యూబులైట్లు. వాటి వెలుగులో ఫోనుతో తీస్తే వెనక వరసలోని ముఖాలు నీళ్ళలో కలిపినట్టు కరిగిపోయి కనిపిస్తాయి. మన కెమెరా సెన్సరు దాదాపు 24 మిల్లీమీటర్ల వెడల్పు, 16 మిల్లీమీటర్ల ఎత్తు. మామూలు ఫోనులో ఉండేది చిటికెన వేలి గోరు కంటే చిన్నది. పెద్ద దోసిలికి ఎక్కువ నీళ్ళు అందినట్టు దీనికి వెలుగు ఎక్కువ అందుతుంది. పాతది కదా, మెగాపిక్సెళ్ళు తక్కువ కదా అంటారు. గోడకు తగిలించే 12 అంగుళాల వెడల్పు, 8 అంగుళాల ఎత్తు ఫోటోను అంగుళానికి 300 చుక్కల చొప్పున అచ్చు వేయాలంటే 86 లక్షల చుక్కలు చాలు. మనది ఒక కోటీ అరవై లక్షలు తీస్తుంది. ఇంకా ఎంత కావాలి?

ఫోను వల్ల వచ్చే నష్టం ఇంకొకటి ఉంది. ఫోను పోతే, నీళ్ళలో పడితే, నిండిపోయి చెరిపేస్తే ఫోటోలూ పోతాయి. కెమెరా ఫోటోలు మాత్రం ఏడాది ఏడాదికి ఒక డిస్కులో సంచిక కట్టినట్టు మా ఇంట్లో ఉన్నాయి. గత పన్నెండేళ్ళలో మన సంఘంలో నిద్రించినవారి జ్ఞాపకార్థ కూడికలు తలచుకోండి. ఫ్లెక్సీ మీద వేసిన ముఖం ఎక్కడిది? చాలామంది వృద్ధులకు రేషన్ కార్డు మీది మసక బొమ్మ తప్ప వేరే ఫోటో లేదు. పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, తెల్ల చీర సర్దుకుని, "నన్ను కూడా తీయి బాబూ, రేపు పిల్లలకు కావాలి" అని నిలబడిన అవ్వలు ఎందరో. అలా తీసిన ఫోటోనే ఇప్పుడు వాళ్ళ ఇళ్ళలో గోడ మీద ఉంది. ఆ కెమెరా ఎదుట నవ్విన కొందరు జీవితంలో ఒక్కసారే నవ్వి ఫోటో దిగారు. వీటిని రూపాయల్లో వేయమంటే మాకు చేతకాదు.

అసలు మాట ఇప్పుడు. ఈ కెమెరా ఎవరి డబ్బుతో కొన్నామో చాలామంది మరిచిపోయారు, చిన్నవారికి తెలియదు కూడా. అది కానుకల పెట్టెలోది కాదు, పెద్దల చందాలు కాదు. స్త్రీల సమాజం వారి పిడికెడు బియ్యం. వండే ముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక్క పిడికెడు డబ్బాలో వేసి, ఆదివారం తెచ్చి కలిపి, అమ్మి పోగుచేసిన సొమ్ము. రెండేళ్ళకు పైగా పట్టింది. ఇంట్లో బియ్యం తక్కువైన పూట కూడా ఆ పిడికెడు ఆపనివారిని అమ్మగారు పేరుపేరునా ఎరుగుదురు. కెమెరా వాళ్ళు తెచ్చారు, వాడింది మగపిల్లలు, ఇప్పుడు అమ్మకం గురించి మాట్లాడుతున్నది పెద్దమనుషులు. వేపచెట్టు కింద రెండు వారాలు జరిగిన చర్చలో ఒక్క స్త్రీని కూడా పిలిచి "అమ్మా, మీరేమంటారు?" అని అడిగినట్టు మాకు కనబడలేదు. వాళ్ళు పక్కన చాపలు చుడుతూనే ఉన్నారు. ఇది సరి కాదు. తీర్పు స్త్రీల సమాజానిది. వాళ్ళు అమ్మమంటే అమ్ముదాం, వచ్చిన సొమ్ము వాళ్ళ లెక్కలోకే వెళ్ళాలి, మందిరం రంగులకు కాదు.

వాళ్ళు మా సలహా అడిగితే, బాగుచేయించమనే చెబుతాం. కానీ ఒక హద్దు పెట్టుకుని. 6,000 దాటితే వద్దు. విప్పాక మదర్‌బోర్డు కూడా చెడిందని తేలినా, లోపల చెమ్మ చేరి తుప్పు పట్టిందన్నా అక్కడితో ఆపేయాలి. తడిసి తుప్పెక్కిన బోర్డు ఈ రోజు పనిచేసినా రేపు మళ్ళీ మొరాయిస్తుంది. ఇన్నాళ్ళు తోడున్నదని దాని మీద రెండోసారి, మూడోసారి పోయడం ప్రేమ అనిపించవచ్చు, కానీ ఆ బియ్యానికి అది మర్యాద కాదు.

అమ్మే పక్షమైతే రెండు సంగతులు గట్టిగా చెబుతున్నాం. "ఎర్రర్ వస్తుందని చెప్పకండి, లెన్సు తీసి ఫోటో పెట్టండి, ఎవరో ఒకరు కొంటారు" అని ఒకరు సలహా ఇచ్చారు. కొనేవాడు కూడా మన పిల్లల్లాంటివాడే అయి ఉంటాడు, పెళ్ళి ఫోటోలు తీసుకుని బతకాలని అప్పు చేసి వస్తాడు. షట్టర్ పోయిందని, 92 వేలు తిరిగిందని, లెన్సు అంచున చిన్న గీత ఉందని ముందే రాసి అమ్ముదాం. ధర తగ్గితే తగ్గనివ్వండి. కొన్న బిల్లు, చార్జర్, సీరియల్ నంబరు ఇద్దాం, దొంగ సరుకు కాదని వాడికీ ధైర్యం. రెండోది, మెమరీ కార్డు అమ్మకూడదు. డిలీట్ చేసినా, మామూలుగా ఫార్మాట్ చేసినా ఫోటోలు చెరిగిపోవు, వాటి జాబితా మాత్రమే పోతుంది. దాని మీద కొత్తవి ఎక్కేదాకా పాతవాటిని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌తో తిరిగి తీయవచ్చు. తడిబట్టలతో బాప్తిస్మం నీళ్ళలోంచి వస్తున్న మన ఆడపిల్లల ఫోటోలు అందులో ఉన్నాయి. కార్డులు మన దగ్గరే ఉండాలి.

ఉంచుకుంటే మాత్రం బీరువాలో చీరల మధ్య పెట్టడం ఇక కుదరదు. మన డెల్టా చెమ్మకు లెన్సు లోపల సాలెగూడులాంటి బూజు పడుతుంది, ఒకసారి పట్టాక గాజు మీద మచ్చ మిగిలిపోతుంది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, మందుల సీసాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టాలి. బియ్యంలో పెట్టవద్దు, ఆ పిండి లోపలికి పోతుంది. నెలల తరబడి వాడకపోతే బ్యాటరీ తీసి ఉంచాలి. డబ్బా అమ్మగారు ఇస్తామన్నారు. పొట్లాలు దాచినవారు తెచ్చివ్వండి.

మెకానిక్ తన దగ్గరున్న షట్టర్‌ను ఈ నెలాఖరు దాకా ఎవరికీ ఇవ్వనన్నాడు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక స్త్రీల సమాజం వారు మందిరం లోపల కూర్చుంటారు. కెమెరా, బిల్లు, మెకానిక్ రాసిచ్చిన చీటీ వారి ముందు పెడతాం. పురుషులు ఆ పూట చాపలు చుట్టండి.