డెడ్‌లాక్ లేదని నమ్మకండి, నిరూపించండి

 

1999 మే 18. భూమికి కోట్ల కిలోమీటర్ల దూరంలో నాసా వారి డీప్ స్పేస్ 1 నౌకను రిమోట్ ఏజెంట్ అనే ప్రోగ్రామ్ నడిపిస్తోంది. ఇంజన్ ఆపాల్సిన వేళ వచ్చింది, అది ఆపలేదు. నౌకకు ఏమీ కాలేదు. లోపల రెండు థ్రెడ్లు మాత్రం ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ నిలిచిపోయాయి. దీన్నే డెడ్‌లాక్ అంటారు. ఒక థ్రెడ్ కొత్త ఈవెంట్ వచ్చిందేమోనని చూసింది, రాలేదనుకుంది. అది నిద్రలోకి జారేలోపే ఈవెంట్ వచ్చి వెళ్లిపోయింది. చూడటానికీ నిద్రకూ మధ్య మరెవరూ చొరబడకుండా క్రిటికల్ సెక్షన్ ఉండాల్సింది, లేదు. నేలమీద చేసిన పరీక్షలు దీన్ని పట్టలేకపోయాయి.

బాధ కలిగించే సంగతి ఇంకొకటి ఉంది. 1997లోనే నాసా ఏమ్స్ పరిశోధకులు ఆ ప్రోగ్రామ్‌లో కొంత భాగాన్ని స్పిన్ అనే మోడల్ చెకర్‌తో పరిశీలించి ఐదు తప్పులు పట్టుకున్నారు. అందులో ఒకటి అచ్చం ఇలాంటిదే. దాన్ని అక్కడ దిద్దారు. పరిశీలించని భాగంలో అదే తప్పు అంతరిక్షం దాకా వెళ్లింది.

టెస్టులు ఎందుకు చాలవు? పదేసి అడుగులున్న రెండు థ్రెడ్ల అడుగులు 1,84,756 రకాల వరసల్లో కలగలవగలవు. టెస్టు వాటిలో గుప్పెడే చూస్తుంది, అదీ తరచూ అవే. మోడల్ చెకర్ మోడల్‌లోని ప్రతి స్థితినీ వెతుకుతుంది. ఎక్కడైనా ఇరుక్కుంటే, అక్కడికి ఎలా చేరిందో అడుగడుగూ చూపిస్తుంది.

ఇది అంతరిక్షానికే పరిమితమైన కష్టం కాదు. రాము ఖాతా నుంచి సీత ఖాతాకు, సీత ఖాతా నుంచి రాముకు ఒకే క్షణంలో డబ్బు పంపితే, ఒక థ్రెడ్ మొదట రాము లాక్, మరొకటి మొదట సీత లాక్ పట్టుకుంటే రెండూ అక్కడే ఆగిపోతాయి. ఖాతా నంబరు వరసలోనే లాక్ తీసుకోవాలన్న చిన్న నియమం చాలు. కానీ ఆ రెండు లాకులూ వేర్వేరు ఫైళ్లలో, వేర్వేరు మనుషులు రాసినవైతే వరస తప్పడం ఎవరి కంటా పడదు.

మోడల్ చెకర్ వాడమంటే స్థితులు లెక్కకు మించి పెరుగుతాయని, అంత టైమ్ లేదని కొందరు అంటారు. మొదటిది నిజమే, అందుకే ప్రోగ్రామ్ మొత్తాన్ని కాక లాకుల భాగాన్ని రెండు మూడు థ్రెడ్లతో మోడల్ చేయండి. మైఎస్‌క్యూఎల్, అపాచీ, మొజిల్లా, ఓపెన్ ఆఫీస్‌లలోని 31 డెడ్‌లాక్‌లను పరిశీలించిన 2008 నాటి అధ్యయనంలో 30 రెండు రిసోర్సులకు మించి అక్కర్లేనివే, కాబట్టి చిన్న మోడలే చాలు, టైమూ తక్కువే పడుతుంది. స్పిన్, టీఎల్ఏ ప్లస్ లాంటి పరికరాలు ఉచితం. లినక్స్ కెర్నెల్‌లో 2006 నుంచి ఉన్న లాక్‌డెప్ అనే సాధనం, ప్రోగ్రామ్ ఆగిపోకముందే తప్పుడు లాక్ వరసను పట్టి చెబుతుంది.

కాబట్టి అడుగుతున్నాం. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో డెడ్‌లాక్‌కు నాలుగు షరతులు, బ్యాంకర్స్ అల్గారిథమ్ పరీక్ష కోసం రాయిస్తున్నారు. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో స్పిన్ మోడల్ కూడా రాయించండి. కంపెనీల్లో టీమ్ లీడ్లు లాక్ వరస రాతపూర్వకంగా లేని కోడ్‌ను మెర్జ్ చేయనివ్వకూడదు. ఆసుపత్రులకూ రైల్వేలకూ ప్రజల డబ్బుతో సాఫ్ట్‌వేర్ కొనే అధికారులు టెస్ట్ రిపోర్టుతోపాటు ఏయే భాగాలను మోడల్ చెకర్‌తో పరిశీలించారో, వేటిని వదిలేశారో అమ్మేవారు రాసివ్వాలని టెండర్‌లోనే షరతు పెట్టాలి.