సారెపతు ఇంట్లో ఎవరెవరు తిన్నారు?



రాజుల మొదటి గ్రంథము 17వ అధ్యాయములోని సారెపతు విధవరాలి చరిత్ర మన సంఘాలలో సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. కోత పండుగ వచ్చిందంటే, కానుకల ఆదివారం వచ్చిందంటే, చాలాచోట్ల ప్రసంగం అక్కడినుండే మొదలవుతుంది. ఆమె ఇంట్లో ఉన్నది చేరెడు పిండి, బుడ్డి అడుగున కాస్త నూనె. పొయ్యిలోకి రెండు పుల్లలు ఏరుకుంటూ ఉండగా దైవజనుడు వచ్చి, ముందు నాకొక చిన్న రొట్టె చేసి తెమ్మన్నాడు. ఆమె తెచ్చింది. దేవుడు దీవించాడు. ఇంతవరకు చెప్పి, కాబట్టి మీరును ముందు ఇవ్వండి అని ముగిస్తాము.

తరువాతి వచనం దగ్గర ఎక్కువసేపు నిలబడము. ఏలీయా తిన్నాడు, ఆమె తిన్నది, ఆమె ఇంటివారు తిన్నారు, అదీ ఒక పూట కాదు, చాలా దినములు. రొట్టె కాల్చిన చేతికి కూడా రొట్టె దక్కింది. ఈ నెల నేను వ్రాయదలచినది ఆ వచనాన్ని గూర్చే. ఎందుకంటే మన ఇళ్లలో డబ్బు బిగిసినప్పుడు మొట్టమొదట తగ్గిపోయేది ఆ చేతి వంతే.

గృహదర్శనానికి మధ్యాహ్నం వేళ వెళ్లినప్పుడు నేను చూసేది ఇది. పెద్దాయన తిని చెయ్యి కడుక్కుని ఉంటాడు. పిల్లలు తిని ఉంటారు. "మీరు తిన్నారా అమ్మా?" అంటే, "తర్వాత తింటాలెండి అయ్యగారూ, తొందరేముంది" అంటారు. ఆ తర్వాత అనేది గిన్నెలో మిగిలినదాన్ని బట్టి ఉంటుంది. అన్నం ఉంటుంది. పప్పు ఉండదు. కూర అడుగంటి ఉంటుంది. పచ్చడి మెతుకులతో పూట గడుస్తుంది, పైన ఒక గ్లాసు టీ. దీనిని మనం త్యాగమని పొగుడుతాము. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో సగానికి మించి రక్తహీనత ఉన్నట్లు తేలింది. నాట్లలో వంగి పనిచేసేది ఆమె, నీళ్లు మోసేది ఆమె, సాయంకాలం కూడికలో పాట ఎత్తుకునేది ఆమె. తల తిరుగుతున్నదని గోడ పట్టుకుని కూర్చుంటే, ప్రార్థన చేయండి అయ్యగారూ అంటారు. చేస్తాను. చేసిన తర్వాత, పొద్దున ఏమి తిన్నారని కూడా అడుగుతాను.

బియ్యం సంగతి చూద్దాము. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు మా పెద్దలు దానిని ఎంత గొప్పగా చెప్పుకునేవారో నాకు గుర్తు. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చింది. దాని క్రింద కార్డులో ఉన్న ఒక్కొక్కరికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కార్డుకు 35 కిలోలు. 2023 జనవరి నుండి దానికి డబ్బు కూడా తీసుకోవడం లేదు. తెలంగాణలో 2025 ఉగాది నుండి సన్నబియ్యమే ఇస్తున్నారు. కాబట్టి చాలా ఇళ్లలో కడుపు నిండకపోవడం అనేది మా తాతల కాలమంత లేదు. ఇప్పుడున్న లోటు వేరు. అన్నం పక్కన ఉండవలసినది లేదు.

దొడ్డుబియ్యం వచ్చేచోట ఒక అలవాటు ఉంది. వీధిలో బండి మీద తిరిగేవానికి కిలో పదికో పన్నెండుకో అమ్మేసి, దానికి నాలుగైదు రెట్లు పెట్టి కొట్లో సన్నబియ్యం కొంటారు. ఆ అమ్మకం చట్టానికి విరుద్ధమన్నది ఒక సంగతి. ఇంటి లెక్కలో చూసినా అది నష్టమే. ఆ తేడా డబ్బుతో నెలకు సరిపడా పప్పు వస్తుంది. దొడ్డన్నం తినలేమంటారా, దానిని పిండి పట్టించి రొట్టె చేసుకొనవచ్చు. ఆ మాటకే వస్తున్నాను.

ఈలోగా మరొక మాట. చౌకదుకాణం బియ్యంలో అక్కడక్కడ కొంచెం వేరుగా కనిపించే గింజలు ఉంటే, ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారవేయకండి. అవి బియ్యపు పిండిలోనే ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి గింజ ఆకారంలో చేసి, నూటికి ఒకటి చొప్పున కలిపినవి. రక్తం తక్కువైన తల్లి కోసం కలిపిన గింజను ఆ తల్లే చేటలో కూర్చుని ఏరి పారవేయడం చూస్తే నాకు బాధ కలుగుతుంది. బియ్యాన్ని పదిసార్లు కడగవద్దు, గంజి వంపి పారబోయవద్దు అని మా అమ్మమ్మ చెప్పేది. ఆ మాట ఇప్పటికీ మంచిదే.

పప్పు లేకుండా ఉత్త అన్నం ఎంత తిన్నా కండ పట్టదు. బియ్యంలో లేనిది పప్పులో ఉంది, పప్పులో తక్కువైనది బియ్యంలో ఉంది. రెండూ కలిసి పొట్టలో పడాలి. కందిపప్పు ధర అందడం లేదంటే నిజమే. అయితే పప్పంటే కందిపప్పు ఒక్కటే కాదు. ఉలవలు, అలసందలు లేక బొబ్బర్లు, పెసలు ఉన్నవి. పెరట్లో మునగచెట్టు ఉన్న ఇంట్లో కూర లేదనకూడదు. ఆకు కోసి పప్పులో వేయండి, నిమ్మకాయ పిండండి. నిమ్మ, ఉసిరి, జామ వంటివి ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టేలా చేస్తాయి. తిన్న వెంటనే త్రాగే టీ దానిని పట్టనివ్వదు. టీ మానమనడం లేదు, గంట ఆగి త్రాగమంటున్నాను. ఇంట్లో గర్భిణియైన కోడలు ఉంటే, అంగన్‌వాడీలో ఆమె పేరున ఇచ్చే గ్రుడ్డు, పాలు ఆమెవే. అత్తలకు ఈ సంగతి స్త్రీల కూడికలో గట్టిగానే చెప్తున్నాను.

ఇప్పుడు పిడికెడు బియ్యం గూర్చి. అన్నానికి బియ్యం కొలిచినప్పుడెల్లా ఒక పిడికెడు వేరే కుండలో వేసి ఆదివారం మందిరానికి తెచ్చే ఆచారం మన తెలుగు సంఘాలలో చాలాకాలంగా ఉంది. మిజోరాం సంఘాలలో 1910 నుండి ఇదే పద్ధతి సాగుతున్నది. అక్కడి స్త్రీల పిడికిళ్లతోనే ఎంతో సేవ జరిగింది. మంచి ఆచారం, నేను దానిని తీసివేయమనను. కాని ఆ బియ్యంలో కొంత నా ఇంటికే వస్తుంది, కాబట్టి ఈ మాట చెప్పవలసినవాడను నేనే. ఏ ఇంట్లో తల్లి వంతు తగ్గి ఆ పిడికెడు వస్తున్నదో, ఆ ఇంటి పిడికెడు ఆ ఇంటి కుండలోనే ఉండాలి. ఏలీయా నిండు కడుపుతో వచ్చి అడిగినవాడు కాడు. కెరీతు వాగు ఎండిపోయి, ఆకలితో వచ్చి, దేవుని వాగ్దానం ముందు ఆమె చేతిలో పెట్టి, తరువాత ఆ ఇంట్లోనే ఉండి ఆమె తిన్న రొట్టే తిన్నాడు. ఆ వాగ్దానం లేకుండా, ఆ ఇంట్లో తినకుండా, అడగడం మాత్రం ఏలీయా వలె అడిగితే అది న్యాయం కాదు. అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయంలో ప్రతిదినం ఆహారం పంచింది విధవరాండ్రకు; విధవరాండ్ర దగ్గర వసూలు చేసింది కాదు. సంఘ పెద్దలు ఆలోచించవలసిన మాట: నెలనెలా వచ్చిన బియ్యంలో కొంత ముందుగా తీసి, పొయ్యి వెలగని ఇంటికి చీకటి పడ్డాక, ఎవరికీ తెలియకుండా పంపవచ్చును.

ఇక రొట్టె సంగతి. సారెపతు విధవరాలికి పొయ్యి గది లేదు, యంత్రం లేదు. రెండు పుల్లల నిప్పు మీద కాలే చిన్న రొట్టె అది. మన అమ్మలకు కూడా ఇది క్రొత్త విద్య కాదు. రొట్టె కాల్చడం అంటే బేకరీవాళ్ల పని అనుకుంటున్నాము గాని, కోస్తాలో దిబ్బరొట్టె, తెలంగాణలో సర్వపిండి ఏమిటి? గిన్నెలో పిండి పెట్టి, మూతపెట్టి, సన్నని సెగమీద కాల్చేవే కదా.

దిబ్బరొట్టెకు మినపప్పు ఒక గ్లాసు, బియ్యపు రవ్వ రెండు గ్లాసులు. రేషన్ బియ్యాన్నే రవ్వ పట్టించవచ్చు. పప్పు నాలుగు గంటలు నానబెట్టి రుబ్బి, కడిగిన రవ్వ, ఉప్పు, జీలకర్ర కలిపి కాసేపు ఉంచి, నూనె రాసిన మందపాటి మూకుట్లో రెండు వేళ్ల మందాన పోసి మూత పెట్టండి. మంట తగ్గించి, అడుగు ఎర్రబడ్డాక తిరగవేయండి. సర్వపిండికి బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, వేరుశనగ పలుకులు, నువ్వులు, ఉల్లి, కరివేపాకు, కారం, ఉప్పు వేసి నీళ్లతో కలిపి, గిన్నె అడుగున వేళ్లతో ఒత్తి, మధ్యమధ్య చిల్లులు పెట్టి నూనె వేసి మూత పెట్టాలి. తిరగవేయనక్కరలేదు. ఈ రెండింటిలోనూ బియ్యం, పప్పు ఒకే ముక్కలో ఉన్నాయి. పప్పు గిన్నె ఖాళీ అయి తల్లికి అన్నమే మిగిలే బాధ వీటిలో లేదు. రొట్టెను ఎంతమంది ఉంటే అన్ని ముక్కలుగా ముందే కోసిపెట్టండి. అన్నం గిన్నెలోనుండి వడ్డించినట్లు కాదు, కోసిన ముక్క ఎవరిదో అందరికీ కనబడుతుంది.

క్రిస్మస్ ఇంక నెల ఉంది కాబట్టి కేకు మాట కూడా. టౌనునుండి తెచ్చే కిలో క్రీము కేకుకు ఒక ఆడమనిషి రోజు కూలి దాటిపోతుంది. గుంపులో అప్పు తీసి బట్టలు, మాంసం, కేకు కొని, జనవరినుండి వారంవారం కిస్తీ కట్టేటప్పుడు కోత పడేది మళ్లీ పప్పులోనే. కేకు లేకపోతే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు అంటారు. ఇంట్లోనే కాల్చండి.

పాత దళసరి అల్యూమినియం డేకిసా ఒకటి దీనికే కేటాయించండి, ఎందుకంటే అది నల్లబడుతుంది. అందులో జల్లించిన పొడి ఇసుక రెండు వేళ్ల మందం పోసి, మూత పెట్టి, పావుగంట వేడి చేయండి. ఇసుకలో తడి ఉండకూడదు. ఈలోగా గోధుమపిండి ఒక గ్లాసు, రాగిపిండి అర గ్లాసు, చిటికెడు ఉప్పు జల్లించి పెట్టుకోండి. రాగులు ఎందుకంటే, 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది, తెల్లబియ్యంలో అందులో ముప్పయ్యో వంతు కూడా ఉండదు. మెత్తగా తురిమిన బెల్లం ఒక గ్లాసు, రెండు గ్రుడ్లు, అర గ్లాసుకు కొంచెం తక్కువ నూనె కలిపి, బెల్లం కరిగేదాకా గిలకొట్టండి. బెల్లంలో నలకలుంటే కొద్ది నీళ్లలో కరిగించి, వడకట్టి, చల్లార్చి పోయండి. అప్పుడు మజ్జిగ ఆ మేరకు తగ్గించాలి. పిండి వేసి, పుల్లటి మజ్జిగ అర గ్లాసు పోసి కలిపి, నాలుగు యాలకులు దంచి వేయండి. చివరగా వంటసోడా ముప్పావు చిన్న చెంచా. ఎక్కువ వేస్తే ఎక్కువ పొంగుతుందనుకోకండి, సబ్బు రుచి వస్తుంది. సోడాకు పని చెప్పేది మజ్జిగలోని పులుపు. అది కలిసిన వెంటనే పొంగడం మొదలవుతుంది గనుక, ఒకసారి కలియబెట్టి ఆలస్యం చేయకుండా నూనె రాసి పిండి చల్లిన గిన్నెలో సగానికి పోసి, ఇసుక మీద చుట్టకుదురో చిన్న ఇనుప స్టాండో పెట్టి దానిపై ఉంచండి. చుట్టకుదురైతే ఇనుపదే ఉండాలి, గడ్డిది అంటుకుంటుంది. మూత బిగించి సన్నని సెగ. కట్టెల పొయ్యి అయితే మూతపైన కూడా నాలుగు నిప్పులు వేస్తే పైభాగం ఎర్రబడుతుంది. నలభై నిమిషాలదాకా మూత తీయవద్దు, తీస్తే మధ్యలో కుంగిపోతుంది. తర్వాత శుభ్రమైన చీపురుపుల్ల గుచ్చి చూడండి. పిండి అంటకుండా వస్తే అయినట్లే. కుక్కరులో చేసేవారు రబ్బరు, వెయిటు తీసివేయాలి, మరచిపోకండి.

ఇది బేకరీ కేకంత తెల్లగా, మెత్తగా రాదు. రంగు మట్టి రంగు. మా సంఘంలో ఒక పిల్లవాడు దీనిని చూసి "ఇది కేకు కాదు, తీపి సంకటి" అన్నాడు. రెండో ముక్క కూడా అతనే అడిగాడు. బెల్లం కేకు కాల్చిన రోజుకంటే మరునాడు మెత్తబడి రుచిగా ఉంటుంది. కాబట్టి 23వ తేదీ రాత్రి కాల్చి, పూర్తిగా చల్లారిన తరువాత గుడ్డలో చుట్టి మూత గట్టి డబ్బాలో పెట్టండి, మూడు రోజులు ఉంటుంది. వేడిమీద కోస్తే పొడిపొడి అవుతుంది. 24 రాత్రి క్యారల్స్ వాళ్లు వచ్చేలోగా, కాల్చిన అమ్మ ముక్క ఒకటి తీసి పక్కన పెట్టండి. క్యారల్స్ కుర్రవాళ్లు వచ్చి వెళ్లిన తర్వాత డబ్బాలో ఏమీ మిగలదని మీకు తెలుసు.